చరిత్ర ప్రదర్శనములలో దృశ్యరచన - తెలుగు శాఖల బాధ్యత

ఒక శాసనమును గూర్చి పరిశోధకుడు వ్రాసిన ముప్పది పుటల వ్యాసమును చదువువారు నూర్వురుందురో లేదో చెప్పజాలము. ఆ శాసనశిల ప్రక్కన గోడకు తగిలించిన నాలుగు పంక్తుల పలకను మాత్రము ఆ దారిన పోవు విద్యార్థులును, యాత్రికులును, పిల్లలను వెంటబెట్టుకొని వచ్చిన తల్లిదండ్రులును చదువుదురు. చదివి అదియే చరిత్రయని నమ్ముదురు. వ్యాసమునకు అధోజ్ఞాపికలు కలవు, ఖండనలు కలవు, పునర్ముద్రణలో సవరణలు కలవు. గోడమీది పలకకు ఇవియేవియు లేవు. కావున ఆ నాలుగు పంక్తులను ఎవరు వ్రాయుచున్నారు, ఏ అక్షరములతో వ్రాయుచున్నారు, వాని ప్రక్కన ఏ పటమును ఏ రేఖను నిలుపుచున్నారు అను విషయము మనవంటి అధ్యాపకులకును పరిశోధక విద్యార్థులకును అన్యమైనది కాదు.

పురావస్తు ప్రదర్శనశాలలకును, చరిత్ర ప్రదర్శనములకును కావలసిన పేరుపలకలు, వివరణ ఫలకములు, పటములు, కాలరేఖలు, లెక్కల చిత్రములు మున్నగువానిని రూపొందించు పనిని ఇంగ్లీషున గ్రాఫిక్ డిజైను అందురు. తెలుగున దీనికి స్థిరపడిన పేరు లేదు. ఈ వ్యాసమున మేము దీనిని 'దృశ్యరచన' యని వ్యవహరింతుము. రచన యను మాటను బుద్ధిపూర్వకముగనే వాడుచున్నాము. ఏలయనగా ఇది గోడకు రంగు పూయుట వంటి అలంకారము కాదు. చెప్పదలచిన యర్థమును స్థలమునందు అమర్చుట. వాక్యమున పదక్రమము మాఱినచో అర్థము మాఱునట్లే, ఫలకమున రేఖాక్రమము మాఱినచో చరిత్రయే మాఱును.

1. వస్తువు - పలక

పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగమున అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థకు చెందిన జార్జి బ్రౌన్ గూడ్ అను విద్వాంసుడు, విద్యాబోధకమైన ప్రదర్శనశాలకు మూలము వస్తువులు కావనియు, చక్కగా వ్రాసిన పేరుపలకల సంపుటియే మూలమనియు, వస్తువులు ఆ పలకలకు ఉదాహరణములనియు భావము వచ్చునట్లు చెప్పెను. ఇది అతిశయోక్తివలె తోచును. కాని వస్తువు తనంతట తాను మాటాడదను సత్యము ఇందు కలదు. తాళపత్రమును అద్దపు పెట్టెలో నుంచినంతమాత్రమున అది గ్రంథము కాదు. సందర్శకునకు కనబడునది ఒకటి రెండు ఆకులు. వానిపై గంటముతో గీచి మసి పూసిన సన్నని వ్రాత. నేటి తెలుగు చదువరికి ఆ వ్రాతలోని కలిపిన పదములు, విరామములేని పంక్తులు వెంటనే బోధపడవు. ఒక పంక్తిని పెద్దది చేసి చూపి, దాని క్రింద నేటి అక్షరములలో అదే పంక్తిని అక్షరమునకు అక్షరము సరిపోవునట్లు అమర్చినచో, అతడు మొదట ఒక అక్షరమును, పిదప ఒక పదమును గుర్తించును. ఆ క్షణమున ఆకు గ్రంథమగును.

పలకలు సామాన్యముగా మూడు తెఱగులు. గదిలో నడుగిడగానే దూరమునుండి కనబడవలసిన శీర్షిక మొదటిది. నాలుగడుగుల దూరమున నిలిచి చదువదగిన వివరణ ఫలకము రెండవది. వస్తువు దగ్గఱ వంగి చూచునప్పుడు కావలసిన చిన్న పలక మూడవది. ఈ మూడును మూడు దూరములకు సంబంధించినవి గనుక అక్షర పరిమాణము, వాక్యదైర్ఘ్యము, విషయవిస్తరము అన్నియు వానినిబట్టి మాఱును. నిలుచుండి చదువువాడు కూర్చుండి చదువువానివలె దీర్ఘసమాసములను భరింపజాలడు. తెలుగున క్రియ వాక్యాంతమున వచ్చును. ఆ క్రియ చేరులోపల నాలుగు విశేషణవాక్యములను దాటింపవలసివచ్చినచో, చదువరి మూడవదానికడనే ప్రక్క వస్తువు వైపు పోవును.

ఉదాహరణము చూపుదుము. లండనులోని బ్రిటిష్ మ్యూజియమునందు అమరావతి స్తూపమునకు సంబంధించిన శిలాఫలకమొకటి కలదు. స్తూపపు మేధిని కప్పిన రాళ్ళలో నిది యొకటి. దీని ఒక వైపున క్రీస్తుకు పూర్వము మొదటి శతాబ్ది నాటిదని భావింపబడుచున్న శిల్పము కలదు. అందు భక్తులు బోధివృక్షమును, దాని క్రింది రిక్తాసనమును కొలుచుచుందురు. రెండవ వైపున క్రీస్తుశకము మూడవ శతాబ్ది నాటి శిల్పము కలదు. అందు సర్వాలంకార శోభితమైన స్తూపము కనబడును. పాతరాతిని త్రిప్పి మఱల చెక్కిరన్నమాట. దీనికి మన పద్ధతిలో పలక వ్రాసినచో, 'పల్నాటి సున్నపురాతి మేధ్యాచ్ఛాదక శిలాఫలకము, ఉభయపార్శ్వ శిల్పితము, స్తూపాంకితము' అని యుండును. ఇందు తప్పు లేదు. చూచువానికి దారియు లేదు. 'ఈ రాతిని రెండుసార్లు చెక్కినారు. ముందు వైపు స్తూపము. వెనుక వైపు అంతకు మూడు నాలుగు శతాబ్దులకు పూర్వపు శిల్పము. అమరావతి స్తూపము ఇట్లే యుండెడిది కావచ్చును' అని వ్రాసినచో, సందర్శకుడు తప్పక వెనుకకు పోయి చూచును. చివరి వాక్యములోని 'కావచ్చును' అను మాటను గమనింపుడు. ఆ శిల్పమునందలి స్తూపము అమరావతి స్తూపపు ప్రతిరూపమా, ఆదర్శస్తూపపు భావనయా యను సందేహము కలదు. ఆ సందేహమును ఒక్క మాటలో నిలుపవచ్చును. దురదృష్టవశమున, పలకలో స్థలము చాలనప్పుడు మొదట కొట్టివేయబడునది ఆ మాటయే.

2. పటము - ఊహారేఖ

అమరావతి కథ దృశ్యరచనకు మఱియొక పాఠము నేర్పును. 1816లో కర్నల్ కాలిన్ మెకంజీ బృందమువారు అక్కడ సర్వేచేసి, స్తూపపు తలచిత్రములను, శిల్పముల చిత్రములను వ్రాయ నారంభించిరి. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించిన శిల్పములు మదరాసు చేరెను. అందు పెక్కు 1859లో లండనునకు పోయి, 1880లో బ్రిటిష్ మ్యూజియమునకు సంక్రమించెను. మిగిలినవి చెన్నపురి ప్రభుత్వ ప్రదర్శనశాలలోను, అమరావతిలోని స్థల ప్రదర్శనశాలలోను, ఇతర స్థలములందును కలవు. మెకంజీ బృందము చిత్రించిన శిల్పములలో కొన్ని ఇప్పుడు లేవు. వానికి ఆ రేఖలే శరణ్యము. అనగా నాడు చేసిన దృశ్యరచన నేడు మూలాధారమైనది.

ఇట్లు చెదరిపోయిన స్తూపమును గదిలో చూపుట యెట్లు? వేదికా స్తంభమొకచోట, ఉష్ణీషపు ముక్క యొకచోట, మేధి ఫలక మింకొకచోట నిలిపినంత మాత్రమున స్తూపము మనస్సునకు రాదు. ప్రతి శిల్పము ప్రక్కను స్తూపపు చిన్న రేఖాచిత్రము నుంచి, అందా శిల్పపు స్థానమును మాత్రము రంగుతో నింపినచో, చూచువాడు ముక్కలను తానే కూర్చుకొనును. దీనికి మించిన సులభోపాయము లేదు. కాని ఇచ్చటనే సత్యమునకు పరీక్ష కలదు. స్తూపపు అండము నిలిచియుండలేదు. దాని యెత్తును, వంపును విద్వాంసులు వేర్వేఱుగా ఊహించిరి. నాలుగు దిక్కుల ఆయక వేదికలు, ఒక్కొక్కదానిపై ఐదేసి స్తంభములు ఉండెననుటకు ఆధారములు కలవు. రేఖాచిత్రమున ఈ రెంటిని ఒకే మందముగల నల్లని గీతతో గీచినచో, ఊహయు ప్రమాణమును ఒకటియైపోవును. లభించిన భాగమును నిండుగీతతోను, ఊహించిన భాగమును చుక్కలగీతతోను చూపుట ప్రాథమిక ధర్మము. గ్రంథ పరిష్కర్త శిథిలపాఠమును కుండలీకరణములలో నుంచుటయు, చిత్రకారుడు చుక్కలగీత గీయుటయు ఒకే ధర్మమునకు రెండు రూపములు. ఆ పరిష్కరణ శాస్త్రమును మనము తరగతిలో బోధించుచునే యున్నాము. దానిని గోడమీదికి తీసికొనిపోవుటయే కావలసినది.

నాగార్జునకొండ విషయము ఇంతకంటె గంభీరమైనది. 1926లో ఎ. ఆర్. సరస్వతి ఆ లోయలోని శిథిలములను గుర్తించెను. పిదప లాంగ్‌హర్స్టు త్రవ్వకములు జరిపెను. నాగార్జునసాగరము ఆనకట్టకు 1955 డిసెంబరు 10న పునాదిరాయి పడెను. లోయ మునుగబోవుచున్నదని తెలిసి, 1954 నుండి 1960 వఱకు ఆర్. సుబ్రహ్మణ్యముగారి ఆధ్వర్యవమున విస్తృతముగా త్రవ్వకములు సాగెను. కొన్ని కట్టడములను విప్పి కొండమీద మఱల కట్టిరి. కొన్నింటి నమూనాలను అనుపు వద్ద నిర్మించిరి. కొండ ద్వీపమయ్యెను. దానిపైని ప్రదర్శనశాలలో శిల్పములతోపాటు, మునిగిపోయిన లోయయొక్క నమూనా కూడ కలదు.

ఆ నమూనా ముందు నిలిచినపుడు మాకు కలిగిన భావమును ఇచ్చట చెప్పక తప్పదు. ఇతర ప్రదర్శనశాలలలో పటము వస్తువునకు తోడు. ఇచ్చట పటమే స్థలము. ఇక్ష్వాకుల విజయపురి యెక్కడ నుండెను, చాంతిసిరి మహాచైత్యమును నిలిపిన చోటు ఏది, విహారములకును నదికిని ఎంత దూరము అను ప్రశ్నలకు కాలినడకన పోయి సమాధానము తెచ్చుకొనువీలు లేదు. నీటి క్రిందనున్న ఊరికి మిగిలిన దారి ఆ నమూనాయును, త్రవ్వకముల నివేదికలును, పటములును మాత్రమే. అట్టి యెడ ఒక గీత తప్పినను దానిని సరిచూచుకొనుటకు నేలలేదు. దృశ్యరచన అలంకారమనువారికి ఈ యొక్క ఉదాహరణము చాలును.

3. లెక్కను చూపుట

చరిత్రలో సంఖ్యలును కలవు. ఒక శతాబ్దిలో లభించిన శాసనములెన్ని, అందు తెలుగువి యెన్ని, ఏ సీమలో ఎక్కువ అను విషయములను పట్టికగా గోడపై వ్రాసినచో ఎవరును చదువరు. ఈ సమస్యను శాస్త్రీయముగా పరిష్కరింపబూనినవాడు ఆస్ట్రియా దేశీయుడు ఓటో నాయరాత్. అతడు 1925లో వియన్నా నగరమున సాంఘిక, ఆర్థిక విషయముల ప్రదర్శనశాల నొకదానిని స్థాపించెను. కార్మికులకును సామాన్య పౌరులకును గృహవసతి, ఆరోగ్యము, వృత్తులు మొదలగువాని లెక్కలను చిత్రములద్వారా తెలుపుట దాని యుద్దేశము. గెర్డ్ ఆర్న్ట్స్ అను చిత్రకారుడు గుర్తులను చెక్కెను. మారీ రైడెమైస్టర్ అను విదుషి శాస్త్రజ్ఞులిచ్చిన సమాచారమును చిత్రరూపమునకు అనువుగా మార్చు పని చేసెను. ఆమె తరువాత నాయరాత్‌ను వివాహమాడెను. 1934లో ఆస్ట్రియా రాజకీయ విప్లవమువలన వారు హాలెండునకును, 1940లో యుద్ధమువలన ఇంగ్లండునకును తరలిపోయిరి. 1945లో నాయరాత్ మరణించెను. మారీ ఆ పనిని దీర్ఘకాలము కొనసాగించెను. వారి పద్ధతికి 'ఐసొటైప్' అని పేరు.

ఈ పద్ధతిలోని ప్రధాన సూత్ర మొక్కటే: అధికసంఖ్యను చూపుటకు గుర్తును పెద్దది చేయరాదు; అదే పరిమాణము గల గుర్తును ఎక్కువ మాఱులు వేయవలెను. కారణము సులభము. ఒక శతాబ్దిలో పది శాసనములు, మఱుసటి శతాబ్దిలో ఇరువది లభించినవనుకొందము. మొదటి శతాబ్దికి ఒక శిలచిత్రమును వేసి, రెండవదానికి రెండింతల యెత్తుగల శిలచిత్రమును వేసినచో, వెడల్పు కూడ రెండింతలగును, వైశాల్యము నాలుగింతలగును. కన్ను వైశాల్యమునే గ్రహించును. లెక్క రెండింతలైనను చూచువానికి నాలుగింతలుగ తోచును. అట్లుగాక, ఒక్కొక్క శాసనమునకు ఒక్కొక్క చిన్న శిలచొప్పున మొదటి వరుసలో పది, రెండవ వరుసలో ఇరువది వేసినచో, బాలుడైనను లెక్కించి చెప్పును. మోసమునకు తావులేదు.

మారీ చేసిన పనికి వారు పెట్టిన పేరు 'పరివర్తకుడు' అను నర్థము నిచ్చునది. శాస్త్రజ్ఞునకును చిత్రకారునకును నడుమ నిలిచి, ఏది ముఖ్యము, ఏది దేనితో పోల్చదగినది, ఏది విడువదగినది అని నిర్ణయించువాడు పరివర్తకుడు. మన దేశమున చరిత్ర ప్రదర్శనములకు మిక్కిలి లోపించినది ఈ మధ్యవర్తియే. పండితుడు వ్రాసి పంపును, చిత్రకారుడు అతికించును, ఇరువురును ఒకరి నొకరు చూడరు.

4. కాలరేఖ

చరిత్ర ప్రదర్శనములలో తఱచుగ కనబడునది కాలరేఖ. అమెరికా దేశపు చార్ల్స్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు 1961లో గణితశాస్త్ర ప్రదర్శనమునకై సుమారు వెయ్యేండ్ల గణితజ్ఞుల చరిత్రను ఒక గోడపై అమర్చిరి. ఈ దంపతులు 1958లో భారత ప్రభుత్వమునకు సమర్పించిన నివేదిక మూలముగా 1961లో అహమ్మదాబాదున జాతీయ డిజైను విద్యాసంస్థ వెలసెను. నెహ్రూ మరణానంతరము, ఆ సంస్థవారును ఈమ్స్ దంపతులును కలిసి రూపొందించిన 'నెహ్రూ - జీవితము, భారతదేశము' అను ప్రదర్శనము 1965లో న్యూయార్కున ఆరంభమయ్యెను. ఛాయాచిత్రములు, నెహ్రూ రచనలలోని మాటలు, వస్తువులు అల్లుకొనిపోవునట్లు కూర్చిన ఆ ప్రదర్శనము మన దేశమున ఈ విద్యకు తొలిపాఠములలో నొకటి.

కాలరేఖలోని చిక్కు తెలుగు సాహిత్యచరిత్ర నెఱిగినవారికి వెంటనే తోచును. రేఖ యనగా సమానమైన గడులు, స్పష్టమైన బిందువులు. మనకున్న కాలనిర్ణయము లట్టివి కావు. నందంపూడి శాసనము 1053 నాటిదని చెప్పుదుము. దానిని రచించినవాడు నన్నయభట్టు. భారత రచనకు మాత్రము అట్టి సంవత్సరము లేదు. రాజరాజనరేంద్రుని పాలనాకాలమున, 1061కి లోపున అని చెప్పగలము. కాలరేఖపై '1053 - నన్నయ భారతము' అని బిందువు పెట్టిన ఫలకమును మేము చూచితిమి. శాసనపు సంవత్సరము కావ్యమున కెక్కెను. ఇది అజ్ఞానము కాదు. గీతకు ఒక బిందువు కావలసివచ్చెను, దొరకిన బిందువును పెట్టిరి.

మఱియు వెనుకకు పోయినచో చిక్కు పెరుగును. కడప మండలములోని కలమళ్ళ శాసనము సుమారు 575 నాటిదనుట లిపినిబట్టి చేసిన నిర్ణయము. అద్దంకిలోని పండరంగని శాసనము తొమ్మిదవ శతాబ్ది మధ్యభాగమునకు చెందినది. బెజవాడ యుద్ధమల్లుని శాసనకాలమును గూర్చి అభిప్రాయభేదములు కలవు. కుర్క్యాలలోని జినవల్లభుని శాసనము పదవ శతాబ్ది నడిమిభాగమునది. ఈ నాలుగింటిని నాలుగు సమానమైన చుక్కలుగా చూపుట సత్యము కాదు. మేము సూచించు పద్ధతి యిది: సంవత్సరము నిశ్చయమైనచోట బిందువు, రాజ్యకాలమే తెలిసినచోట ఆ రాజ్యకాలమంత పొడవుగల పట్టె, లిపినిబట్టి మాత్రమే ఊహించినచోట రెండు చివరలు క్రమముగా పలుచబడు పట్టె. పండితులు భిన్నాభిప్రాయులైనచోట రెండు పట్టెలను ఒకదానిక్రింద నొకటి గీయవచ్చును. సందర్శకుడు ఒక్క అక్షరమును చదువకయే మనకు తెలిసినదెంత, తెలియనిదెంత అను విషయమును గ్రహించును. సందేహమును మాటలలో చెప్ప స్థలము లేనపుడు గీతలో చెప్పవచ్చును.

5. గోడమీద తెలుగక్షరము

ఇంతవఱకు చెప్పినది ఏ భాషకైనను వర్తించును. తెలుగు ఫలకములకు ప్రత్యేకమైన చిక్కులు కొన్ని కలవు.

రోమను అక్షరములు పంక్తికి పైకిని క్రిందికిని కొంత పొడవున మాత్రమే చాచుకొనును. తెలుగక్షరము అంతస్తులు గలది. నడుమ హల్లు, పైన గుడి, ఏత్వము వంటి గుర్తులు, క్రింద ఒత్తులు. 'స్త్రీ' అను ఒక్క మాటలోనే సకారమునకు తకారపు ఒత్తు, రేఫపు ఒత్తు, పైన గుడిదీర్ఘము చేరును. కావున ఇంగ్లీషునకు చాలిన పంక్తుల యెడము తెలుగునకు చాలదు. పై పంక్తి ఒత్తు క్రింది పంక్తి గుడిని తాకును. తాకకుండుటకై అక్షరమును కుదించినచో దూరమునకు కనబడదు.

రెండవ చిక్కు అక్షరముల పోలిక. ద, ధ, థ లకును, ప, ష, ఫ లకును, డ, ఢ లకును భేదము చిన్న గీతలోను, చిన్న చుక్కలోను కలదు. తాళపత్రము, బట్ట, కాగితము వంటివానిపై వెలుతురు ఎక్కువైనచో అవి చెడును గనుక, వానినుంచు గదులలో వెలుతురును 50 లక్సులకు మించనీయక కాపాడుట వాడుక. అట్టి మసక వెలుతురున ఈ చిన్న గీతలు మాయమగును. అక్షరమును బొద్దుచేసినను ప్రయోజనము లేదు. గుండ్రని అక్షరముల లోపలి ఖాళీలు పూడిపోయి భేదము మఱింత నశించును. పరిమాణమును పెంచుట, నేలకును అక్షరమునకును రంగుల వ్యత్యాసమును హెచ్చించుట, ఖాళీలు విశాలముగానున్న ఫాంటును ఎన్నుకొనుట - ఇవియే మార్గములు.

మూడవది, ప్రాధాన్యమును సూచించు సాధనముల కొఱత. ఇంగ్లీషున పెద్దబడి అక్షరములును, వాలుటక్షరములును కలవు. తెలుగున బడిభేదము లేదు. అక్షరమును యంత్రముతో వాల్చినచో అది పడిపోవుచున్నట్లుండును గాని గ్రంథనామమువలె నుండదు. కాబట్టి తెలుగు ఫలకమున ప్రాధాన్యము పరిమాణభేదమువలనను, రంగువలనను, చుట్టునున్న ఖాళీవలనను మాత్రమే రావలెను.

నాలుగవది పదవిభాగము. మన పదములు పొడవైనవి. పంక్తి చివర పదమును యంత్రము తనకు తోచినచోట విఱుచును. 'ప్రదర్శనశాలలలోని' అను పదమును 'ప్రదర్శనశా - లలలోని' అని విఱిచినచో చదువరి తడబడును; 'ప్రదర్శన - శాలలలోని' అని సమాసపు కీలున విఱిచినచో తడబాటు లేదు. ఎక్కడ విఱువవలెనో చెప్పగలవాడు వ్యాకరణము తెలిసినవాడే.

యంత్రములవలన వచ్చు దోషములును కలవు. 1991 నాటి మొదటి రూపమునుండియే తెలుగునకు యూనికోడులో స్థానము కలదు. సిలికానాంధ్ర సంస్థ పూనికతో పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న, గిడుగు, గురజాడ మొదలగు పేర్లతో ఫాంటులు వెలువడి ఉచితముగ లభించుచున్నవి. కావున అందమైన అక్షరములు లేవను సాకు నేడు చెల్లదు. అయినను ఫలకములు చేయు కొన్ని సాఫ్టువేరులు తెలుగు ఒత్తులను సరిగా కూర్పవు. ఒత్తు విడిపోయి హల్లు పొల్లుతో ప్రక్కన నిలుచును. తెలుగు రాని చిత్రకారునకు 'కృష్ణ' అనునదియు 'కృష్‌ణ' అనునదియు సమానమే. అతనిది తప్పు కాదు. తుదిప్రూఫును గోడ పరిమాణమున తెలుగువానిచేత చదివింపనివారిది తప్పు.

6. మా యనుభవము

కొన్ని యేండ్ల క్రిందట ఒక చరిత్ర ప్రదర్శనమునకు తెలుగు పాఠమును సిద్ధపఱచు పని మాకు వచ్చెను. అప్పటికే ఇంగ్లీషు ఫలకములు పూర్తియైనవి. ప్రతి ఫలకమున ఇంగ్లీషు క్రింద మిగిలిన చోటు తెలుగునకని నిర్ణయించిరి. మేము అనువదించి పంపితిమి. 'చోటు చాలలేదు, నాలుగవవంతు తగ్గింపుడు' అని జాబు వచ్చెను. తగ్గించితిమి. తగ్గించినపుడు మేము తీసివేసినవి యేవి? 'బహుశః', 'కొందఱి మతమున', 'లిపినిబట్టి' అను మాటలు. ఆ దోషము మాది. వేఱెవరిని నిందించుటకు ముందు దీనిని చెప్పుట న్యాయము.

ప్రదర్శన మారంభమైన పిదప మా పరిశోధక విద్యార్థి యొకడు వచ్చి, ఒక శాసనపు ఎస్టాంపేజి ఛాయాచిత్రము తలక్రిందులుగ గాక ఎడమకుడులు తాఱుమాఱుగ అచ్చుపడినదని చెప్పెను. మేము పోయి చూచితిమి, నిజమే. ఎస్టాంపేజి యనగా తడిపిన కాగితమును రాతిపై నుంచి, కుంచెతో కొట్టి, అక్షరపు గుంటలలోనికి దిగునట్లు చేసి, పైన సిరా అద్ది తీసిన నకలు. నల్లని నేలపై అక్షరములు తెల్లగా కనబడును. కాగితమును వెనుకనుండి చూచినచో అక్షరములు అద్దములోవలె తిరుగబడియుండును. ఛాయాచిత్రము తీసినపుడో, ఫలకమున అమర్చినపుడో ఎక్కడనో అది తిరుగబడినది. మా విద్యార్థి గుర్తించినది అక్షరములను చదివి కాదు. శాసనములందు పంక్తులు ఎడమ వైపున సమముగా ఆరంభమై కుడి వైపున హెచ్చుతగ్గులుగా ముగియుట తఱచు. ఇందు కుడి అంచు సమముగాను, ఎడమ అంచు వంకరగాను ఉన్నది. ఆ యొక్క యాకారమును చూచి అతడు పట్టుకొనెను.

ఆ ఫలకము ముందు మేమును పలుమాఱులు నిలిచియుంటిమి. క్రింది తెలుగు పాఠమున మా అచ్చుతప్పులను వెదకుకొంటిమేగాని, తలయెత్తి పైనున్న శాసనమును చూడలేదు. మాటలు మావి, బొమ్మలు ఇతరులవి అను భేదబుద్ధియే దీనికి కారణము. తరువాత ఫలకమును మార్చిరి. అంతకుముందు చూచి వెళ్ళినవారికి మాత్రము మేము ఏమియు చెప్పజాలము.

7. చేయదగినది

ఈ యనుభవమునుండి మాకు తోచిన కొన్ని సూచనలను మనవి చేయుదుము. మొదటిది, తెలుగు పాఠము అనువాదముగా చివర రాక, ఫలకపు కొలతలు నిర్ణయించు దినముననే ఆరంభము కావలెను. ఇంగ్లీషునకు చోటు కొలిచిన పిదప మిగిలినది తెలుగునకు దానముగా రాకూడదు. రెండవది, ప్రతి ఫలకమునకు విషయనిపుణుడొకడు, చిత్రకారుడొకడు, ఇరువురి నడుమ నిలుచు పరివర్తకుడొకడు ఉండవలెను. ఆ మూడవవాడు తెలుగు శాఖనుండి రాదగును. మూడవది, అచ్చునకు పోవుటకు ముందు ఒక ఫలకమునైనను పూర్తి పరిమాణమున కాగితముపై తీసి, ఆ గదిలోని వెలుతురుననే గోడకు తగిలించి, ఆ విషయము తెలియనివారిచేత చదివించి, వారు ఎక్కడ ఆగుచున్నారో చూడవలెను. నాలుగవది, ఊహకును ప్రమాణమునకును గీతలో భేదము చూపు నియమమును ఆరంభముననే నిర్ణయించి, అన్ని ఫలకములందును ఒకే తీరున పాటింపవలెను. ఆ గుర్తుల వివరణను గది ప్రవేశముననే చూపవలెను.

విశ్వవిద్యాలయములలో చేయదగినది మఱియొకటి కలదు. శాసనములపైగాని, తాళపత్రములపైగాని, సాహిత్యచరిత్రపైగాని పరిశోధనచేయు విద్యార్థి తన సిద్ధాంతగ్రంథముతోపాటు ఒక్క పేరుపలకను కూడ సమర్పించునట్లు చేయవచ్చును. అరువది మాటలకు మించరాదు. అందు తాను కనుగొన్నదేమి, అది ఎంతవఱకు నిశ్చయము అను రెండు విషయములు ఉండవలెను. తోడుగా ఒక రేఖాచిత్రమో, కాలపట్టెయో చేయవలెను. మేము మా శాఖలో కొందఱిచేత ఇట్లు వ్రాయించి చూచితిమి. మున్నూఱు పుటలు వ్రాసినవారు అరువది మాటలకడ తడబడిరి. కొందఱికి తమ నిర్ణయములలో నిశ్చయమైనది ఎంత యను సంగతి ఆ పలక వ్రాయునపుడే తెలిసెను. తిరిగిపోయి తమ గ్రంథమున రెండు మూడు వాక్యములను సవరించుకొనిరి.